కొలాచీలోకి సాసేజ్ ఎప్పుడొచ్చింది? టెక్సస్ చెక్ కుటుంబాల రొట్టె వెనుక కథ

డాలస్ నుంచి ఆస్టిన్ వెళ్లే ఐ-35 రహదారి మీద, వేకో రావడానికి ముందు, వెస్ట్ అనే చిన్న ఊరు తగులుతుంది. ఊరి తొలి పోస్టుమాస్టరు ఇంటిపేరు వెస్ట్, అందుకే ఆ పేరు. ఉన్నది మాత్రం టెక్సస్ నడిమధ్యన. ఆ దారిన పోయే తెలుగు కుటుంబాలు కూడా అక్కడ కారు ఆపి, ఆ ఊరి చెక్ వాళ్ల చిన్న రొట్టెలు, అంటే కొలాచీలు, కట్టించుకుని బయల్దేరుతుంటాయి. సాసేజ్ కొలాచీ కావాలని అడిగితే కౌంటర్లో ఉన్నవాళ్లు మారుమాట లేకుండా ఇస్తారు. పాతకాలపు చెక్ ఇళ్లలో ఆ మాటంటే మాత్రం దిద్దకుండా ఊరుకోరు. పండు, జున్నులాంటి విరుగుడు, గసగసాలు పెట్టినదే కొలాచీ. సాసేజ్ పెట్టినదాని పేరు క్లొబాస్నెక్.

బయటివాళ్లకు ఇది చాదస్తంలా అనిపించవచ్చు. కానీ ఆ ఇళ్లలో చాలావాటికి ఈనాడు మిగిలిన చెక్ మాటలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. వాటిలో అన్నిటికన్నా గట్టిగా నిలిచినది ఈ రొట్టె పేరు. పట్టింపంతా అక్కడ ఉంది.

1848లో ఆస్ట్రియా సామ్రాజ్యంలో వెట్టిచాకిరి రద్దయింది. నేటి చెక్ దేశంలోని బొహీమియా, మొరావియా ప్రాంతాల పల్లెల్లో పేదలకు స్వేచ్ఛ వచ్చిందిగానీ భూమి రాలేదు. ఇంటికి, చిన్న దొడ్డికి సరిపోయే నేల చెక్క మాత్రమే ఉన్నవాళ్లు బతుకుతెరువు కోసం దిక్కులు చూస్తున్న రోజుల్లో, యోసెఫ్ ఆర్నొష్ట్ బెర్గ్‌మన్ అనే ప్రొటెస్టెంట్ పాస్టరు 1850లో టెక్సస్‌లోని క్యాట్ స్ప్రింగ్ చేరాడు. అక్కడి నేల గురించి, ధరల గురించి ఇంటికి ఉత్తరాలు రాశాడు. అవి చేతులు మారి మొరావియా పత్రికలో అచ్చయ్యాయి. 1851 చివర్లో యోసెఫ్ షిలార్ వెంట కొన్ని కుటుంబాలు బయల్దేరాయి. హాంబర్గ్, లివర్‌పూల్, న్యూ ఆర్లియన్స్, గాల్వెస్టన్, అలా రేవు తరువాత రేవు మారుతూ వెళ్లారు. ఇరుకు ఓడలు, చెడిన తిండి, జ్వరాలు. బయల్దేరినవాళ్లలో దాదాపు సగం మంది ప్రాణాలతో మిగల్లేదు. 1853లో యోసెఫ్ లెషికార్ నడిపిన రెండో బృందం ఆ తిరుగుడు మానేసి బ్రెమెన్ నుంచి నేరుగా గాల్వెస్టన్‌కు ఓడ ఎక్కింది. ఆ తరువాత వచ్చినవాళ్లు ఎక్కువగా పట్టిన దారి అదే.

అమెరికా అంతర్యుద్ధం నాటికి టెక్సస్‌లో ఉన్న చెక్ వాళ్లు సుమారు 700 మంది. 1910 నాటికి చెక్ నేల మీద పుట్టి ఇక్కడికి వచ్చినవాళ్లే 15,074 మంది. వీళ్లలో ఎక్కువమంది మొరావియా వాళ్లు, అందులోనూ తూర్పు కొండసీమల వాళ్లు. షికాగో, నెబ్రాస్కాల్లో స్థిరపడినవాళ్లలో బొహీమియా వాళ్లు ఎక్కువ. అందుకే టెక్సస్ చెక్ యాస వేరు, వంట వేరు. మొరావియాలోని వలాష్‌స్కో ప్రాంతంలో ఈ రొట్టెకు పెద్దన్న ఒకటి ఉంది, పేరు ఫ్రగాల్. పళ్లెమంత వెడల్పున పలచగా ఉంటుంది. 2013లో దానికి ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చింది. టెక్సస్‌లో నిలిచినది అరచేతిలో పట్టే చిన్న రకం.

నల్లరేగడి నేలల్లో పత్తి వేసి నిలదొక్కుకున్న ఈ కుటుంబాలు చర్చి కట్టుకున్నాయి, దాని పక్కన హాలు కట్టుకున్నాయి. 1889లో క్యాథలిక్కులు కెజెటి అనే సంఘం పెట్టుకున్నారు. 1897లో ఎస్పీజెఎస్టీ అనే ఇంకో సంఘం మొదలైంది. అంతవరకు దాని సభ్యులు 1854లో సెయింట్ లూయిస్‌లో పుట్టిన, అమెరికా చెక్ వాళ్లందరి సంఘంలో ఉండేవారు. సభ్యుడు చనిపోతే కుటుంబానికి డబ్బు అందించడం ఈ సంఘాల అసలు పని, అంటే బీమా. టెక్సస్ రైతులు వయసులో చిన్నవాళ్లు, అయినా పెద్ద వయసువాళ్లతో సమానంగా చందా కట్టడం భారంగా ఉందని విడిపోయారు. కానీ బీమా కోసం కట్టిన హాళ్లే పెళ్లిళ్లకు, పోల్కా నాట్యాలకు, చర్చి విందులకు వేదికలయ్యాయి. ఆ హాలు వంటగదుల్లో ఆడవాళ్లు కలిసి వందల లెక్కన కొలాచీలు చేసేవారు. ఒకరు పిండి తడిపితే, ఒకరు ఉండలు చేస్తే, ఒకరు గుంటలు నొక్కేవారు. చూసి, చేసి నేర్చుకునే పని అది. భాష తెలియని మనవరాలికి కూడా చేయి తిరిగేది.

భాషకు ఆ ఆసరా దొరకలేదు. మొదటి ప్రపంచయుద్ధ వాతావరణంలో, 1918లో, టెక్సస్ శాసనసభ ప్రభుత్వ బడుల్లో బోధన ఇంగ్లిష్‌లోనే జరగాలని కఠినమైన చట్టం చేసింది. 1924 వలస చట్టం చెకోస్లవేకియాకు ఏడాదికి 3,073 మంది అని దేశం మొత్తానికి కోటా పెట్టింది. దాంతో ఊరి నుంచి కొత్త మాట తెచ్చే కొత్త మనిషి రావడం ఆగింది. ఉన్న భాషలోకి ఇంగ్లిష్ మాటలు చెక్ వేషం వేసుకుని చేరాయి. దుకాణం ష్టొర్ అయింది, కంచె ఫెంత్స్ అయింది, కారు కారా అయింది. రెండో యుద్ధం తరువాత పిల్లలు హూస్టన్, డాలస్‌లకు వెళ్లిపోయారు. 1914లో మొదలైన ‘నాషినెత్స్’ వారపత్రిక, చెక్‌లోనే వస్తూ వస్తూ, 2018లో ఆగిపోయింది.

రొట్టె నిలబడింది. ఎలా చేస్తారో చూస్తే, క్లొబాస్నెక్ ఎందుకు వేరో కూడా తెలుస్తుంది.

ఇరవై నాలుగు కొలాచీలకు మైదా 500 గ్రాములు, పాలు 250 మిల్లీలీటర్లు, వెన్న 100 గ్రాములు, చక్కెర 80 గ్రాములు, గుడ్డు పచ్చసొనలు రెండు, పొడి ఈస్ట్ 7 గ్రాములు, ఉప్పు ఒక చెంచా. పాలు గోరువెచ్చగా ఉండాలి. 55 డిగ్రీల సెల్సియస్ దాటితే ఈస్ట్ చచ్చిపోవడం మొదలవుతుంది, ఎంతసేపు ఉంచినా పిండి పొంగదు. ముద్ద చేతికి కొంచెం అంటుకుంటూ ఉండాలి. అంటుకుంటోందని మైదా చల్లుకుంటూ పోతే రొట్టె మర్నాటికి ఎండిపోతుంది. కొత్తగా చేసేవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. గంట, గంటన్నరలో రెట్టింపయ్యాక 40 గ్రాముల ఉండలు చేసి, వెన్న రాసిన పళ్లెంలో దగ్గరదగ్గరగా పేర్చి, పైన కరిగిన వెన్న పూసి మరో 20 నిమిషాలు వదలాలి. అప్పుడు రెండు వేళ్లతో ఉండ మధ్యలో పళ్లెం అడుగు తగిలేదాకా గుంట నొక్కాలి. పైపైన నొక్కితే ఓవెన్‌లో నడుమ భాగం పొంగి, పూర్ణాన్ని పక్కకు తోసేస్తుంది.

పూర్ణం గట్టిగా ఉండాలి. ఎండు ప్లమ్ పళ్లు గానీ ఎండు ఆప్రికాట్లు గానీ మునిగేంత నీళ్లలో ఉడికించి, మెదిపి, గరిటెతో గీత గీస్తే ఆ గీత నిలిచేదాకా దగ్గర పడనివ్వాలి. విరుగుడు వాడితే గుడ్డలో కట్టి నీరంతా కార్చేయాలి, లేకపోతే అడుగు మెత్తబడుతుంది. గసగసాలది ఇంకో తీరు. మనం వాడేవి తెల్లవి, చెక్ వాళ్లవి నీలిబూడిద రంగువి. గింజలుగా వేస్తే నోట్లో ఇసుకలా తగులుతాయి, రుచి దిగదు. పొడి కొట్టి పాలలో, చక్కెరతో ఉడకబెట్టాలి. పొడి కొట్టాక నూనె బయటపడి కొద్దిరోజుల్లోనే చేదెక్కుతుంది కాబట్టి ఏ పూటకాపూటే కొట్టుకోవడం మేలు. పూర్ణం మీద పొసిప్క చల్లుతారు. మైదా, చక్కెర సమానంగా, వెన్న అందులో సగం, వేళ్లతో నలిపి చేసిన పలుకుల పొడి అది. 190 డిగ్రీల సెల్సియస్ వేడిలో 15 నుంచి 18 నిమిషాలు. బయటికి తీయగానే మళ్లీ వెన్న పూయాలి.

కొలాచీ అంటే ఇలా నోరు తెరుచుకుని ఉండే రొట్టె. పేరుకు మూలం ‘కొలొ’, చక్రం అని అర్థం. గుండ్రంగా, పూర్ణం పైకి కనబడుతూ ఉంటుంది. క్లొబాస్నెక్‌లో అదే పిండితో సాసేజ్‌ను పూర్తిగా చుట్టేసి, అతుకు కిందికి వచ్చేలా పెడతారు. అతుకు పైన ఉంటే ఆవిరికి విచ్చుకుంటుంది. సాసేజ్‌ను ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా చుట్టినా చెడుతుంది, ఎందుకంటే ఆ చల్లదనానికి లోపలి పొర పొంగక పచ్చిగా మిగిలిపోతుంది. క్లొబాసా అంటే చెక్‌లో సాసేజ్, పేరు అందులోంచే వచ్చింది. ఈ టెక్సస్ రకాన్ని తొలిసారి చేసి అమ్మింది వెస్ట్‌లో 1952లో తెరిచిన విలేజ్ బేకరీ అని చెబుతారు. పొగబెట్టిన సాసేజ్ ఈ చెక్, జర్మన్ ఊళ్లలో అప్పటికే ఇంటింటి సరుకు. పొద్దున్నే పనికి పోయేవాడు ఒక చేత్తో తినగలిగే తిండి అయింది.

తరువాత దాన్ని రాష్ట్రమంతా చేర్చినవి చెక్ బేకరీలు కావు, డోనట్ దుకాణాలు. వాటిలో చాలావాటిని నడిపేది కంబోడియా నుంచి వచ్చిన కుటుంబాలు. సాసేజ్, చీజ్, హలపీన్యో మిరపకాయ, అన్నీ కలిపి అన్నిటికీ కొలాచీ అనే ఒకే పేరు పెట్టి అమ్మారు. మొరావియా పిండి, టెక్సస్ సాసేజ్, మెక్సికో మిరప, కంబోడియా చేతులు. ఇంత మంది చేతుల మీదుగా సాగిన తిండిని నిందించాల్సిన పని లేదు. కానీ క్లొబాస్నెక్ టెక్సస్ చెక్ వాళ్లు సొంతంగా తయారుచేసుకున్న వస్తువు. దాని పేరుతో దాన్ని పిలవడమే వాళ్లకిచ్చే గౌరవం.

2013 ఏప్రిల్ 17న వెస్ట్‌లో ఎరువుల గోదాము పేలి 15 మంది చనిపోయారు. ఊరిలోని సొకోల్ హాలు దెబ్బతింది. సొకోల్ అంటే చెక్ దేశంలో 1862లో పుట్టిన వ్యాయామ సంఘం. చెక్ రాయబారి ఆ ఊరికి వచ్చాడు, హాలు బాగుచేతకు చెక్ ప్రభుత్వం డబ్బిచ్చింది. ఒకటిన్నర శతాబ్దం కిందట వెళ్లిపోయినవాళ్ల ఊరిని తమ ఊరిగా లెక్కేసుకున్నారు.

చెక్‌లో ఒక్క రొట్టె అయితే కొలాచ్, ఎక్కువైతే కొలాచె. టెక్సస్‌లో ఆ బహువచనమే ఏకవచనమై కూర్చుంది, దానికి మళ్లీ ఇంగ్లిష్ తోక తగిలించి కొలాచీస్ అంటున్నారు. క్లొబాస్నెక్ విషయంలో అలా జరగలేదు. కొన్ని బేకరీల బోర్డుల మీద ఈనాటికీ దాని బహువచనం క్లొబాస్నికి, అచ్చమైన చెక్ వ్యాకరణంతో. పాత ఊరి నుంచి తెచ్చుకున్న రొట్టెకు ఇంగ్లిష్ బహువచనం వచ్చి చేరింది, టెక్సస్‌లో పుట్టిన రొట్టె దగ్గర చెక్ బహువచనం నిలిచింది.