ఏసీ డిజైనర్‌కి వాతావరణం మీద పట్టింపా? మా ఫీల్డ్‌లో అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లుగా ఆఫీసులకు, ఆస్పత్రులకు ఏసీ సిస్టమ్‌లు డిజైన్ చేస్తున్నాను. సూటిగా చెప్పాలంటే లోపలి వేడిని తీసి వీధిలో పారబోసే పని. ఇలాంటివాడు వాతావరణ మార్పు గురించి మాట్లాడితే మా చుట్టాల్లోనే నవ్వేవాళ్లున్నారు. వాతావరణం కోసం ఏసీల కరెంటు వాడకం, గ్యాస్ లీకులు తగ్గించే దారి పట్టినవాళ్లు మా ఫీల్డ్‌లో తక్కువే, కానీ ఉన్నారు. ఈ దారి మీద నేను తరచూ వినే అపోహలు ఇవి.

అపోహ: ఇలాంటి పనికి దిగేవాళ్లంతా పుట్టుకతోనే ప్రకృతి ప్రేమికులు.

వాస్తవం: నన్ను దింపింది పరువు. కొత్తలో బేగంపేటలో ఒక ఆఫీసుకి డిజైన్ చేశాను. అప్పట్లో మా లెక్క చాలా సులువు. నూట ఇరవై చదరపు అడుగులకు ఒక టన్ను (ఏసీ చల్లబరిచే శక్తికి కొలత), దాని మీద ఎందుకైనా మంచిదని ఇంకాస్త. కిటికీ ఏ దిక్కున ఉంది, అద్దం ఎలాంటిది, లోపల ఎంతమంది కూర్చుంటారు, ఇవేవీ పట్టించుకునేవాళ్లం కాదు. ఆగస్టులో ఓనర్ ఫోన్ చేశాడు. "ఏం డిజైన్ సార్ ఇది? మా అకౌంట్స్ పిల్లలు శాలువలు కప్పుకొని కూసుంటున్నరు. ఫైళ్లకు బూజు గూడ పడుతుంది."

వెళ్లి చూస్తే నిజమే. మిషన్ మరీ పెద్దదైతే గది చల్లబడగానే ఆగిపోతుంది, గాలిలో తేమ తీసేంతసేపు నడవదు. వణుకూ ఉంటుంది, చెమ్మా ఉంటుంది. ఆ రాత్రి హీట్ లోడ్, అంటే ఏసీ బయటికి తీయాల్సిన వేడి, మొదటినుంచి లెక్కవేశాను. పెట్టినదాంట్లో సగానికి కాస్త పైన సరిపోయేది. వాతావరణం సంగతి బుర్రలోకి ఆ తర్వాత వచ్చింది. మన గ్రిడ్ కరెంటు ఒక్కో యూనిట్ వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. ఆ ఆఫీసు ఏడాదికి కాల్చిన యూనిట్లను దాంతో హెచ్చవేసి చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎవరికీ చూపించలేదు.

అపోహ: ఇంజినీర్లకు అవగాహన లేదు. వర్క్‌షాప్‌లు పెడితే మారతారు.

వాస్తవం: వర్క్‌షాప్‌లకు వెళ్తూనే ఉన్నాం, భోజనాలు బాగుంటాయి. మాకు కొదవ ధైర్యానికి. టన్నులు ఎక్కువ పెట్టినందుకు ఎవరి ఉద్యోగమూ పోదు. తక్కువై ఒక్క గది చల్లబడకపోయినా అర్ధరాత్రి ఫోన్ మాకే. పైగా చాలాచోట్ల మా ఫీజు పని విలువలో ఇంత శాతం అని ఉంటుంది. కష్టపడి లెక్కకట్టి వంద టన్నులు తగ్గిస్తే మా ఫీజే తగ్గుతుంది. మంచి పనికి జరిమానా అన్నమాట.

ఆ ధైర్యం నాకు తోటివాళ్ల బిల్లుల్లో దొరికింది. మేం నలుగురైదుగురు కన్సల్టెంట్లం పూర్తయిన బిల్డింగుల ఏడాది కరెంటు బిల్లులు ఒకరికొకరం చూపించుకోవడం మొదలుపెట్టాం. ఎవరి డిజైన్ ఎంత తింటోందో అక్కడ దాగదు. ముట్టుకుని చూడగలిగే బిల్డింగు ఊళ్లోనే ఉండటం ఇంకో అదృష్టం. హైటెక్ సిటీ దగ్గరున్న, పరిశ్రమల సంఘం సీఐఐ వాళ్ల గ్రీన్ బిజినెస్ సెంటర్‌కి 2003లో లీడ్ ప్లాటినం రేటింగ్ వచ్చింది. గ్రీన్ బిల్డింగులకిచ్చే అమెరికా రేటింగ్‌లో అదే అన్నిటికన్నా పైది, అమెరికా బయట అది దక్కిన మొదటి బిల్డింగు ఇదే. 2004 జులైలో అబ్దుల్ కలాం ప్రారంభించారు. అక్కడి విండ్ టవర్లు బయటి గాలిని కాస్త చల్లబరిచి ఏసీకి అందిస్తాయి. మా జూనియర్లను క్లాసుకన్నా ముందు అక్కడికి తీసుకెళ్తాను. గోడకు తగిలించే రేటింగ్ ఫలకం కోసమే గ్రీన్ బిల్డింగులు కడతారని వెక్కిరించేవాళ్లున్నారు. కట్టనివ్వండి. పేరు కోసం చలివేంద్రం పెట్టినా కుండలో నీళ్లు చల్లగానే ఉంటాయి.

అపోహ: బిల్డర్ పైసలు తప్ప ఏదీ చూడడు.

వాస్తవం: చూసేది పైసలే, కాకపోతే ఎవరి పైసలన్నది ముఖ్యం. కట్టి అమ్మేసేవాడు కరెంటు బిల్లు కట్టడు, కొన్నవాళ్లు కడతారు. సొంత ఆస్పత్రి కట్టుకునే డాక్టరుగారికి ఇదే లెక్క చెబితే పది నిమిషాల్లో ఒప్పుకుంటారు.

అపోహ: ప్రభుత్వం రూల్ పెడితే పని అయిపోయినట్టే.

వాస్తవం: రూల్ ఉంటే మీటింగ్‌లో నాకు నోరు లేస్తుంది, అంతవరకు మేలే. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ వచ్చింది. కూల్ రూఫ్ అంటే తెల్ల పెయింట్‌లాంటి వాటితో ఎండను వెనక్కి కొట్టే కప్పు. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలు ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు అది తప్పనిసరి. 2028కల్లా రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్లు, అందులో 200 హైదరాబాద్‌లోనే అని లక్ష్యం. అయితే ఎండకు మాడిపోయే ఇళ్లు ఎక్కువగా ఆ 600 గజాల లోపువే. అక్కడ వేస్తే వేయొచ్చు, లేకపోతే లేదు.

పాత షెడ్ల సంగతి సరేసరి. జీడిమెట్లలో ఒక ప్యాకింగ్ షెడ్డు, పైన సిమెంటు రేకులు. ఓనర్‌కి నమ్మకం కుదరక సగం కప్పుకే తెల్ల పెయింట్ వేయించాడు. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం నిచ్చెన ఎక్కి అరచెయ్యి పెట్టి చూశాను. తెల్ల రేకు మీద ఆనించి ఉంచగలిగాను, పక్కదాని మీద ముట్టీ ముట్టకుండానే తీసేశాను. కిందికి దిగి ఎంత చెప్పినా ఆయన ఊఁ అన్నాడే తప్ప కదల్లేదు. వారం తర్వాత వెళ్తే, ప్యాకింగ్ చేసే అక్కలు ఎవరూ చెప్పకుండానే బల్లలన్నీ తెల్ల సగం కిందికి జరుపుకున్నారు. నేల మీద బల్లకాళ్లు ఈడ్చిన గీతలు. ఓనర్ ఆ గీతల వంక కాసేపు చూసి, "మిగిలింది గూడ వేయించున్రి" అన్నాడు. దుమ్ము పడితే తెలుపు పనిచేయదు, ఎండలు ముదరకముందే కడిగించాలని చెప్పాను. ఆయన కడిగిస్తాడన్న నమ్మకం మాత్రం నాకు లేదు.

అపోహ: ఇది డిగ్రీలున్నవాళ్ల వ్యవహారం. ఏసీ మెకానిక్‌కి దీంతో ఏం పని?

వాస్తవం: అసలు పని అతని చేతిలోనే ఉంది. పాత ఒకటిన్నర టన్ను ఏసీలో కిలో దాకా ఆర్-22 గ్యాస్ ఉంటుంది. అది గాల్లో కలిస్తే సుమారు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటి ఏడాది కరెంటు వెనక ఉండేదీ దాదాపు అంతే. ఈ లెక్కంతా మా మెకానిక్‌కి చెప్పాను. బుద్ధిగా తలూపాడు. మర్నాడే వాల్వు విప్పి గ్యాసంతా గాల్లోకి వదిలేశాడు.

అతన్ని ఏమనగలను? లీకు వెతికితే పూట గడిచిపోతుంది, చేతికి పైసా రాదు. ఊరికే గ్యాస్ నింపితే ఇప్పుడూ డబ్బే, వచ్చే ఎండాకాలమూ డబ్బే. అందుకని ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టుల రాత మార్చాం. లీకు పట్టి బాగుచేస్తే దానికి విడిగా కూలి. అదే ఏసీకి ఏడాదిలోపు మళ్లీ గ్యాస్ తగ్గితే ఖర్చు అతనిదే. మొదట్లో బాగా గొణిగాడు. ఇప్పుడు అతని సంచిలో సబ్బునీళ్ల సీసా, ఒక పాత షేవింగ్ బ్రష్ ఉంటున్నాయి. మొన్న సైనిక్‌పురిలో ఒక మేడ మీద, పైపులో నైట్రోజన్ ఎక్కించి, ఒక్కో జాయింటుకీ నురగ పూస్తూ అరగంట వెతికాడు. నేను నీడలో కూర్చుని టీ తాగుతుంటే కేకేశాడు.

"ఇగో సార్, బుడగ!"