హబ్సిగూడ స్టూడియోలో రెండు ముఖాలు

హబ్సిగూడలో ఒక ఫోటో స్టూడియో. సంబంధాల వాళ్లకి పంపే ఫోటో కోసం అక్కనీ, దాని కూతుర్నీ తీసుకెళ్లాను. ఫోటో తీశాక స్టూడియో అబ్బాయి కంప్యూటర్ తెర మీద పిల్ల ముఖం పెట్టాడు. ఎవరూ అడక్కుండానే మౌస్ కదిపి, పక్కన ఇంకో ముఖం తయారుచేశాడు. ఎడమ వైపుది చామనఛాయ, మా ఇంటి రంగు. కుడి వైపుది మైదాపిండి రంగు, ముక్కు పక్కనున్న పుట్టుమచ్చ కూడా పోయింది. “కలర్ ఇంత పెంచితే చాలా మేడం?” అని అక్కని అడిగాడు.

మనకి కలర్ అంటే తెలుపే. ‘పిల్ల మంచి కలర్’ అంటాం, ‘కాస్త కలర్ తక్కువ’ అంటాం. నలుపు అసలు రంగుల లెక్కలోకే రాదు. ఎడమ పక్క లోపం, కుడి పక్క దానికి విరుగుడు, ఇలా రెండు బొమ్మలు పెట్టి చూపించే పద్ధతికి నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. సబ్బు అమ్మడానికి వాడిన ఎత్తు అది.

దానికి ముందు ఆ పేట పేరు సంగతి చెప్పాలి. ఇప్పటి ఇథియోపియా అయిన అబిసీనియాను అరబ్బీలో హబష్ అంటారు, అక్కడివాడు హబ్షీ. హబ్షీలు ఉన్న చోటు కాబట్టి హబ్షీగూడ అయిందని చెబుతారు. మాసబ్ ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్‌లో ‘ఏసీ’ అంటే ఆఫ్రికన్ కావల్రీ. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకు వచ్చిన ఆఫ్రికా ఆశ్వికదళం ఉన్న చోటు అది. వాళ్ల వారసులు ఇప్పటికీ నగరంలో ఉన్నారు. మన పెళ్లి బరాత్‌ల ముందు మోగే మర్ఫా దరువులో వాళ్ల చేయి ఉంది. దక్కన్‌కు వచ్చిన హబ్షీల్లో చాలామంది సముద్రం మీద బానిసలుగా అమ్ముడై వచ్చినవాళ్లే. ఇథియోపియాలో పుట్టి, యజమాని తర్వాత యజమానికి అమ్ముడుపోయిన మాలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యానికి సర్వాధికారి అయ్యాడు, 1626లో చనిపోయేదాకా మొగలులను నిలువరించాడు. బానిసత్వం బానిసత్వమే, దాన్ని తీపి చేసి చెప్పను. కానీ ఆ రోజుల్లో ఇక్కడ మనిషి చర్మం రంగే అతని చివరి హద్దు కాలేదు.

మన దగ్గర తెలుపు మీద మోజు ఇంగ్లీషువాళ్లే తెచ్చారని కూడా అనను. ఎండలో పనిచేసే ఒంటికీ నీడపట్టున ఉండే ఒంటికీ మధ్య తేడా, దానికి అంటుకున్న కులం లెక్క అంతకు ముందూ ఉన్నవే. అయినా కృష్ణుణ్ని నల్లనయ్య అని, రాముణ్ని నీలమేఘశ్యాముడని పిలుచుకున్నాం. ద్రౌపదికి కృష్ణ అని పేరే ఉంది. ‘చామన’ అన్న మాట శ్యామకు వికృతి. నల్లదనాన్ని కడిగి పోగొట్టాల్సిన మురికిగా చూపించి దాని మీద లాభం తీయడం మాత్రం కొత్తగా వచ్చిన విద్య.

1807లో బ్రిటన్ బానిసల వ్యాపారాన్ని నిషేధించింది. ఏ పశ్చిమాఫ్రికా తీరం నుంచి మనుషులను ఓడలకెక్కించారో, ఆ తీరం నుంచే లివర్‌పూల్‌కు పామాయిల్ పీపాలు ఇంకా జోరుగా దిగడం మొదలైంది. ఆ నూనె సబ్బుకీ, కొవ్వొత్తికీ, యంత్రాలకీ పోయేది. 1853లో సబ్బు మీద పన్ను ఎత్తేశారు. సబ్బు చవకైంది, కంపెనీలు పెరిగాయి. ఒక బిళ్లకీ ఇంకో బిళ్లకీ పెద్ద తేడా లేనప్పుడు మిగిలేది కథ చెప్పి అమ్మడమే. పియర్స్ సబ్బు తరఫున థామస్ బారట్ అనే వ్యాపారి ఆ పని అందరికంటే బాగా చేశాడు.

1880ల నాటి పియర్స్ ప్రకటన ఒకటి చూడండి. పై బొమ్మలో నల్లపిల్లవాడు తొట్టిలో కూర్చుని ఉంటాడు, తెల్లపిల్లవాడు ఏప్రాన్ కట్టుకుని సబ్బు పట్టుకుని నిలబడతాడు. కింది బొమ్మలో తొట్టిలోంచి బయటికొచ్చిన పిల్లవాడికి మెడ నుంచి కిందంతా తెల్లబడి ఉంటుంది. ముఖం మాత్రం నల్లగానే ఉంటుంది, అద్దంలో తనను చూసుకుంటుంటాడు. ఎన్నిసార్లు చూసినా నా కళ్లు ఆ ముఖం దగ్గరే ఆగిపోతాయి. ఆ సబ్బు కొనేది ఇంగ్లండులోని తెల్ల గృహిణి. ఆ పిల్లవాడు కొనుగోలుదారు కాడు, సబ్బుతోపాటు అమ్ముడైన సరుకు. 1898లో అమెరికా ఫిలిప్పీన్స్‌ను చేజిక్కించుకుంది. మరుసటి ఏడాదే పియర్స్ ప్రకటనలో ఆ యుద్ధంలో గెలిచిన అడ్మిరల్ డ్యూయీ చేతులు కడుక్కుంటూ కనిపించాడు. శుభ్రత నేర్పడమే ‘తెల్లవాడి బరువు’ను, అంటే మిగతా జాతులను బాగుచేసే భారం తమదేనన్న గొప్పను, తేలిక చేసే మొదటి అడుగని కింద రాశారు. దేశాన్ని ఆక్రమించడానికీ సబ్బు అమ్మడానికీ ఒకే బొమ్మ సరిపోయింది.

నూనె ఎక్కణ్నుంచి వచ్చిందో ఏ ప్రకటనా చెప్పలేదు. సన్‌లైట్ సబ్బు చేసిన లీవర్ కంపెనీ 1911లో బెల్జియన్ కాంగోలో పామాయిల్ కోసం అడవులు తీసుకుంది. అక్కడ గెలలు కోసింది నిర్బంధ శ్రమ.

సరుకు పక్కన మనిషిని నిలబెట్టడం కూడా అప్పుడే మామూలైంది. 1886లో లండన్‌లో జరిగిన వలస రాజ్యాల ప్రదర్శనలో చేతివృత్తులు చూపించడానికి ఆగ్రా జైలు నుంచి పనివాళ్లను ఓడలో తీసుకెళ్లారు. జనం టికెట్ కొని వాళ్ల చేతులు కదలడం చూశారు. 1893 షికాగో ప్రదర్శనలో పాన్‌కేక్ పిండి అమ్మడానికి ‘ఆంట్ జెమైమా’గా నిలబడిన నాన్సీ గ్రీన్ కెంటకీలో బానిసగా పుట్టిన మనిషి. జెమైమా ముఖం పెట్టె మీద నూట ఇరవై ఏళ్లకు పైగా ఉండిపోయింది.

మనవాళ్లనూ కొలిచారు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ తెలుగువాళ్లతో సహా దక్షిణాది కులాలవాళ్ల ముక్కులకు కొలత పరికరం పెట్టి పొడవు, వెడల్పు రాసుకున్నాడు. 1909లో అవన్నీ ఏడు సంపుటాలుగా అచ్చయ్యాయి. ముక్కునీ రంగునీ బట్టి మనుషులను జాతులుగా విడదీసే, ఆ కొలతల వెనకున్న సిద్ధాంతానికి సమాధానం ఇచ్చినవాళ్లు హబ్సిగూడలోనే ఉన్నారు. చర్మాన్ని తెల్లబరిచే ఒక జన్యుమార్పు యూరప్‌లోనూ భారతదేశంలోనూ ఒకే మూలం నుంచి వచ్చిందని 2013లో తేల్చిన బృందంలో అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలున్నారు. స్టూడియో నుంచి వాళ్ల గేటు ఎంతో దూరం లేదు.

1888లో సన్‌లైట్ పెట్టెలు కలకత్తా రేవులో దిగాయి. ఆ లీవర్ సంతతి కంపెనీయే 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ తెచ్చింది. ఇక్కడ ఎత్తు కొంచెం మారింది. లండన్ బొమ్మలో నల్లపిల్లవాడు వేరు, కొనే అమ్మ వేరు. మన బొమ్మలో ఎడమ పక్కనున్న అమ్మాయే కొనాలి, తన ముఖం తానే తప్పని ఒప్పుకుని కొనాలి. ఒక టీవీ ప్రకటనలో కొడుకు లేడని తండ్రి నిట్టూరిస్తే, కూతురు క్రీము రాసుకుని ఎయిర్ హోస్టెస్ అవుతుంది. మహిళా సంఘం ఐద్వా పట్టుబట్టి ఫిర్యాదు చేశాక 2003లో అది ఆగింది. అమెరికాలో పోలీసు చేతిలో నల్లజాతి మనిషి జార్జ్ ఫ్లాయిడ్ హత్య జరిగాక, 2020లో, క్రీము పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. ఆ ఏడాదే ఒక పెద్ద పెళ్లి సంబంధాల వెబ్‌సైటు రంగును బట్టి వెతికే మీట తీసేసింది.

పేర్లు మారడంకన్నా నాకు దిగులు పుట్టించేది మందుల షాపు బల్ల. బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉన్న ట్యూబులు ‘ఫేస్ క్రీము’ పేరుతో చేతులు మారుతున్నాయి. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతలను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలో చేర్చింది. రాసిన కొత్తలో ముఖం నిగనిగలాడుతుంది. నెలల తర్వాత చర్మం పలచబడి, సన్న రక్తనాళాలు ఎర్రగా తేలి, ఎండకెళ్తే మండుతుంది. ఆపితే ఇంకా ఎక్కువవుతుంది. అందుకే ఆపలేరు.

ఆ రోజు స్టూడియోలో కుడి వైపు ముఖమే ప్రింట్ అయింది. అక్క తలూపింది, నేను పక్కనే ఉండి మాట్లాడలేదు. నాలుగు నెలల తర్వాత పిల్ల బుగ్గలు కందిపోతే చర్మం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. బ్యాగులోంచి ట్యూబు తీసి ఇచ్చింది. డాక్టరమ్మ దాని మీద, చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందులకుండే ఎర్ర గీతను గోరుతో చూపించి, చీటీ ఎవరు రాశారని అడిగింది. ఎవరూ రాయలేదు, వీధి చివర షాపులో అడిగితే ఇచ్చారట.

బయటికొచ్చాక ఎందుకు కొన్నావే అని అడిగాను.

“వాళ్లు ఫోటో చూసి వస్తారు కదా మామయ్యా. ఫోటోలో ఉన్నట్టు కనపడాలి కదా” అంది.