ఒక పక్క 47, ఇంకో పక్క 23: ఆంప్లిఫయర్ సప్లయ్ మీద అపోహలు - వాస్తవాలు

పెళ్లిళ్ల సీజన్ దగ్గరపడితే పాలకొల్లు చుట్టుపక్కల మైక్ సెట్ల వాళ్లు ఆంప్లిఫయర్లు తెచ్చి నా బల్ల మీద పెడతారు. "ప్లస్, మైనస్ తేడా వస్తందండి, ట్రాన్స్‌ఫార్మర్ మార్చేయండి" అంటారు. ఆంప్లిఫయర్‌కి కరెంటు అందించే సప్లయ్‌లో సున్నాకి అటు ప్లస్, ఇటు మైనస్ అని రెండు వోల్టేజీలు ఉంటాయి, వాటి గొడవే ఇది. బాగున్న ట్రాన్స్‌ఫార్మర్ తీసేసి డబ్బు పోగొట్టుకున్న వాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: రెండు పక్కలా వోల్టేజి సమానంగా లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ పోయినట్టే.

వాస్తవం: 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్ (మధ్య సున్నా వైరుకి అటూ ఇటూ 24 వోల్టుల ఏసీ ఇచ్చేది) ఉంటే, లోడు లేనప్పుడు, అంటే పాట మోగనప్పుడు, డీసీగా మారాక ప్లస్ 35, మైనస్ 35 వోల్టుల దరిదాపుల్లో రావాలి. ఒక వోల్టు అటూ ఇటూ అయితే పట్టించుకోనక్కర్లేదు. ఒక పక్క 47, ఇంకో పక్క 23 వస్తే ముందు రెండూ కూడండి. 70 వచ్చిందంటే కాయిల్ ఇవ్వాల్సింది ఇస్తోంది. పోయింది మధ్యలోని సున్నా. అంటే సెంటర్ ట్యాప్ (ఆ సున్నా) వైరు, వోల్టేజిని నిలబెట్టే రెండు కండెన్సర్ల మధ్య జాయింటుకు అందడం లేదు.

నిరుడు ఒక కుర్రాడు తెచ్చిన సెట్టులో సరిగ్గా ఇవే అంకెలు. "కాయిల్ కొత్తగా చుట్టించానండి, అయినా హమ్ పోలేదండి" అన్నాడు. హమ్ అంటే స్పీకర్లో వచ్చే గుయ్యిమనే మోత. మీటరు నల్ల ప్రోబు కండెన్సర్ల జాయింటు నుంచి తీసి నేరుగా సెంటర్ ట్యాప్ వైరు మీద పెట్టాను. 35, 35! ఆ రెండు చోట్లకీ మధ్య ఉన్నది ఒక్క గ్రౌండ్ బోల్టు. విప్పితే వాషర్ కింద అంతా పచ్చటి చిలుము. సముద్రం దగ్గర ఊళ్లలో ఉప్పుగాలికి ఇది మామూలే. గరుకు కాగితంతో రుద్ది, కొత్త లగ్గు (వైరు చివరి రింగు) వేసి బిగించాను. అంతే పని.

ఇలాంటి సెట్టును "మోగుతోంది కదా" అని నడపకండి. 50 వోల్టుల కండెన్సర్ మీద 47 నిలబడితే, రాత్రి లైను కాస్త పెరిగినా అది ఉబ్బే ప్రమాదం ఉంది.

అపోహ: స్టెబిలైజర్ పెడితే సరిపోతుంది.

వాస్తవం: రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) తిరిగే వేళ మన లైన్లో వోల్టేజి పడేది నిజమే. కానీ అప్పుడు ప్లస్, మైనస్ రెండూ కలిసే పడతాయి. ఒక పక్కే పడితే తప్పు పెట్టె లోపలే ఉంది.

అపోహ: పాట పెట్టకముందు సమానంగా ఉంటే సప్లయ్ మంచిదే.

వాస్తవం: బ్రిడ్జిలో (ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్ల జట్టులో) ఒక డయోడ్ ఓపెన్ అయినా, అంటే లోపల తెగిపోయినా, ఖాళీగా ఉన్నప్పుడు దాదాపు సమానంగానే చూపిస్తుంది. లోడు పడగానే ఆ పక్క జారిపోతుంది. ఆ పక్కకి సెకనుకు 100 సార్లు అందాల్సిన కరెంటు 50 సార్లే అందుతుంది కాబట్టి హమ్ కూడా లావుగా వినిపిస్తుంది. కండెన్సర్ ఎండిపోయినా లోడు మీదే బయటపడుతుంది. అందుకే పాట నడుస్తుండగా కొలవండి.

అపోహ: ఒక పక్క ఫ్యూజు ఎగిరితే కాస్త పెద్దది వేస్తే ఆగుతుంది.

వాస్తవం: దయచేసి ఈ పని చేయకండి. స్పీకర్ వైర్లు తీసి, రెండు డీసీ ఫ్యూజులూ పీకి సప్లయ్ ఒక్కటే కొలవండి. సమానంగా ఉంటే తప్పు ఎక్కువగా బోర్డులోనే ఉంటుంది. చాలాసార్లు స్పీకర్‌ను నడిపే 5200, 1943 ట్రాన్సిస్టర్లలో ఒకటి షార్ట్ అయి ఉంటుంది, ముందు అవి చూడండి. కొత్తవి వేశాక మొదటిసారి 100 వాట్ల ఫిలమెంటు బల్బు మెయిన్స్ వైరుకు సిరీస్‌లో పెట్టే ఆన్ చేయండి. బల్బు ఒకసారి మెరిసి తగ్గితే పర్లేదు. నిండుగా వెలుగుతూ ఉండిపోతే వెంటనే ఆపేయండి.

ఆపాక కండెన్సర్లను స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకండి. 100 ఓమ్స్, 10 వాట్ల రెసిస్టర్ ఒక్కో కండెన్సర్ మీద పది సెకన్లు పెట్టి, మీటరులో సున్నా చూశాకే లోపల చెయ్యి పెట్టండి.