నంబరు చెబితే సంబంధం సంగతి చెబుతారు: టే-శాక్స్ వెనక కథ

1881లో లండన్ కంటి డాక్టర్ వారెన్ టే ఒక పసిబిడ్డ కంట్లోకి చూస్తే రెటీనా మధ్యలో చెర్రీ పండులా ఎర్రటి చుక్క కనిపించింది. ఆరేళ్ల తర్వాత న్యూయార్క్‌లో బెర్నార్డ్ శాక్స్ అనే నరాల డాక్టర్ ఇదే జబ్బును వర్ణించాడు, తూర్పు యూరప్ నుంచి వచ్చిన యూదుల ఇళ్లలో ఎక్కువగా వస్తోందని తర్వాత గమనించాడు. ఇద్దరి పేర్లూ కలిపి దీన్ని టే-శాక్స్ అంటారు. బిడ్డ మామూలుగానే పుడుతుంది, నవ్వుతుంది, బోర్లా పడుతుంది, ఆరు నెలలొచ్చేసరికి నేర్చుకున్నవి ఒక్కొక్కటే మరిచిపోతూ చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతుంది, చూపు పోతుంది. చాలామంది అయిదేళ్లు దాటరు. నయం చేసే మందు ఇప్పటికీ లేదు.

తూర్పు యూరప్ మూలాలున్న ఈ యూదుల్ని అష్కెనాజీలంటారు. వాళ్లలో సుమారు 30 మందికి ఒకరు క్యారియర్, అంటే తనకు జబ్బు లేకపోయినా జబ్బు తెచ్చే జన్యువును మోసే మనిషి. తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లయితేనే బిడ్డకు జబ్బు రావచ్చు. అదేదో యూదుల రక్తంలో దోషమనుకోకండి. మధ్యయుగంలో కొన్ని వందల మందికి కుదించుకుపోయిన జనం, తర్వాత తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ పెరిగారు, అంతే. అమెరికాలోని లూసియానాలో కేజన్లనే ఫ్రెంచి సంతతివాళ్లలోనూ, కెనడాలోని క్విబెక్ ఫ్రెంచివాళ్లలోనూ ఇదే జబ్బు ఉంది.

అమెరికాలో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు 1950లలోనే సంఘం పెట్టుకున్నారు. 1969లో ఒకాడా, ఓబ్రయన్ ఏ ఎంజైమ్ లోపిస్తోందో కనిపెట్టారు. దాంతో రక్త పరీక్షతో క్యారియర్లను పట్టుకోవడం సాధ్యమైంది. బాల్టిమోర్ డాక్టర్ మైకేల్ కాబాక్ చేసిన తెలివైన పని ఏంటంటే, పరీక్షను ఆసుపత్రిలో పెట్టలేదు, ముందు రబ్బీలతో (యూదు మతగురువులతో), సంఘ పెద్దలతో నెలల తరబడి మాట్లాడి, 1971 మే నెలలో మేరీల్యాండ్‌లోని బెథెస్డాలో ఒక సినగాగ్‌లో (యూదుల ప్రార్థనా మందిరంలో) పెట్టాడు. ఒక్క రోజులోనే వెయ్యికి పైగా జనం వచ్చారు.

పెళ్లయ్యాక ఇద్దరూ క్యారియర్లని తేలి, కడుపులో బిడ్డకు జబ్బుందని తెలిసినా అబార్షన్‌కు ఒప్పుకోని ఛాందస యూదు కుటుంబాలకు ఇది సరిపోలేదు. బ్రూక్లిన్‌లో నలుగురు పిల్లల్ని ఈ జబ్బుకే పోగొట్టుకున్న రబ్బీ జోసెఫ్ ఎక్‌స్టీన్ 1983లో 'దోర్ యెషోరిమ్' అనే సంస్థను మొదలుపెట్టాడు, పరీక్ష పెళ్లికి ముందే చేసేలా. పెళ్లీడు పిల్లలు రక్తం ఇస్తారు, ఒక నంబరు వస్తుంది, పేరుండదు. సంబంధం కుదిరేటప్పుడు రెండు నంబర్లూ ఫోన్ చేసి చెబితే సరిపోతుందా లేదా అన్నదే చెబుతారు. ఒక్కరే క్యారియర్ అయితే ఆ మాట బయటపెట్టరు, ఎందుకంటే తెలిస్తే ఆ పిల్లకు పెళ్లి కాదు! తన ఒంటి సంగతి తనకే చెప్పకపోవడం నాకు నచ్చదు, కానీ మన పెళ్లిళ్ల పేరయ్యల్ని చూసినవాళ్లకు ఆ భయం అర్థమవుతుంది.

ఫలితం? అమెరికా, కెనడా యూదుల్లో ఈ జబ్బుతో పుట్టేవాళ్లు 90 శాతానికి పైగా తగ్గిపోయారు.

అన్నీ ఇంత సాఫీగా జరగలేదు. కనవాన్ అనే ఇలాంటి జబ్బుకే తల్లిదండ్రులు పిల్లల కణజాలం, డబ్బు ఇచ్చి మరీ పరిశోధన చేయిస్తే, జన్యువు 1993లో దొరికాక ఫ్లోరిడాలోని ఒక ఆసుపత్రి దానికి పేటెంట్ తీసుకుని పరీక్షకు ఫీజు వసూలు చేసింది. వాళ్లు కోర్టుకెక్కారు. ఇచ్చేసిన కణజాలం మీద మీకు ఆస్తి హక్కు లేదని 2003లో జడ్జి అన్నారు, కానీ అన్యాయంగా లాభపడ్డారన్న వాదనను మాత్రం నిలబెట్టారు. చివరికి రాజీ అయింది.

ఇదంతా మనకెందుకంటారా? హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న 2017 పరిశోధనలో, దక్షిణాసియాలో చూసిన 263 సమూహాల్లో 81 ఇలా కొద్దిమంది పూర్వీకుల నుంచి తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ పెరగడంలో అష్కెనాజీల్ని మించిపోయాయి. ఉదాహరణకు మన వైశ్యుల్లో కొందరికి ఒక ఎంజైమ్ ఉండదు. ఆపరేషన్‌కు ముందు కండరాలు వదులు కావడానికి ఇచ్చే ఒక ఇంజెక్షన్ మామూలుగా కొన్ని నిమిషాల్లో దిగిపోతుంది, వీళ్లకు గంటల తరబడి దిగదు, అంతసేపూ వెంటిలేటర్ మీదే ఉండాలి. కాబట్టి మత్తు డాక్టర్ 'మీరు వైశ్యులా?' అని అడిగితే కోపం తెచ్చుకోకండి.