పాము కొనుక్కుంటామన్న మనవలకు

చి. చిన్నూకి, అమ్ములుకి తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేం కులాసా. తెలుగు బడికి వెళ్తున్నారుగా, ఈ ఉత్తరాన్ని నెమ్మదిగా కూడబలుక్కుని చదవండి. అర్థం కానిచోట అమ్మనడగండి.

పోయిన ఆదివారం వీడియో కాల్‌లో మీరు ‘పామును పెంచుకుంటాం’ అనగానే అమ్మమ్మ ఫోన్ నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. చీకటి పడ్డాక ఆవిడ పాము అనే మాట కూడా అనదు, ‘పురుగు’ అంటుంది. డాలస్‌లో మీకు పొద్దున్నే, మాకేమో రాత్రి. అందుకే టెన్షన్ ఇంకాస్త ఎక్కువైంది. నేను మాత్రం ముప్పై ఏళ్లు జువాలజీ పాఠాలు చెప్పినవాణ్ణి. వద్దనను.

మీ వయసులో, 1965లో, నేనూ ఒక పామును పెంచాను. పెంచానంటే నాలుగు రోజులే. చేలో దొరికిన జెర్రిపోతు పిల్ల. కిరసనాయిలు డబ్బాకి మేకుతో చిల్లులు పొడిచి, కొబ్బరి చిప్పలో పాలు పోసి, పెరట్లో గోడవార పెట్టాను. అయిదో రోజు మూత తీస్తే చిప్ప చుట్టూ చీమలు, మూలన బిగుసుకుపోయిన పాము. ఆకలికి చచ్చిపోయిందని ఏడ్చాను. అది కాదని కాలేజీలో చేరాక తెలిసింది. పాము వారాల తరబడి తినకుండా ఉండగలదు. దాని ఒంటికి సొంతంగా వేడి పుట్టించుకోవడం, చల్లార్చుకోవడం రాదు. వేడైతే నీడకి, చలేస్తే ఎండకి జరుగుతుంది. రేకు డబ్బాలో జరగడానికి చోటేదీ? మధ్యాహ్నం ఎండకి ఉడికిపోయింది. ఇక పాలంటారా, పాము తిండి అది కానే కాదు. (నాగులచవితికి పుట్టలో పాలు పోసేటప్పుడు ఈ మాట అమ్మమ్మ దగ్గర అనకండి.)

ఇప్పుడలా పట్టి పెంచితే ఇక్కడ కేసవుతుంది. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం మన దేశపు పాముల్ని ఇంట్లో పెట్టుకోకూడదు. మీ అమెరికాలో కూడా హవాయిలో ఏ పామునూ పెంచనివ్వరు. మీ రాష్ట్రం రూల్సు, అపార్ట్‌మెంట్ వాళ్ల రూల్సు నాన్న చేత ముందే చూపించుకోండి.

సరే, ఏ పాము? చిన్నూ, నీ మనసంతా బాల్ పైథాన్ మీద ఉందని తెలుసు. ఆఫ్రికా కొండచిలువ జాతిది. మామూలుగా నాలుగైదు అడుగులకు మించదు, భయపడితే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. సాధువే. కానీ దానికి అలక ఎక్కువ. ఉన్నట్టుండి తిండి మానేస్తే నెలల తరబడి ముట్టదు. అనుభవం ఉన్నవాళ్లు ఊరుకుంటారు, కొత్తవాళ్లకి నిద్ర పట్టదు. నువ్వు ఫొటో పంపిన రకాన్ని ‘స్పైడర్’ అంటారు. ఆ సాలెగూడు గీతలు తెచ్చిపెట్టే జన్యువే నరాల జబ్బునూ తెస్తుంది. తల ఊగుతుంది, కొన్నిటికి వెల్లకిలా తిరిగిపోయి సరిగ్గా నిలబడటం కూడా రాదు. రంగు చూసి పామును ఎంచుకోకురా నాయనా.

నన్నడిగితే కార్న్ స్నేక్ తీసుకోండి. పోయినేడు మీ స్నేహితుడింట్లో నా చేతికిచ్చారే, అదే. దాన్నక్కడ ఎర్ర ర్యాట్ స్నేక్ అని కూడా అంటారు, మన జెర్రిపోతుకి దూరపు చుట్టం. మొక్కజొన్న గాదెల్లో ఎలుకల కోసం చేరేది కాబట్టి ఆ పేరొచ్చిందంటారు కొందరు. పొట్ట మీది గళ్లు రంగురంగుల మొక్కజొన్న గింజల్లా ఉంటాయి కాబట్టి అంటారు ఇంకొందరు. ఆ రోజు దాన్ని తిరగేసి చూశాను, నలుపూ తెలుపూ గళ్లు చదరంగం బల్లలాగే ఉన్నాయి. జిడ్డుగా ఉంటుందనుకుంటారు కానీ ఒళ్లు పొడిగా, చల్లగా ఉంది. నా మణికట్టు చుట్టూ తిరిగి, గడియారం పట్టీని నాలుకతో రెండుసార్లు తడిమి, పనికొచ్చేది కాదని తేల్చుకుని మోచేతి వైపు వెళ్లింది. ఆ నాలుకతోనే వాసన పడుతుంది.

కింగ్ స్నేక్ (కింగ్ కోబ్రా కాదు, విషం లేని వేరే పాము) గట్టిదే కానీ ఆకలెక్కువ, వేలిని కూడా తిండనుకుంటుంది. బర్మీస్ పైథాన్ ఊసే ఎత్తకండి. పిల్లప్పుడు ముద్దుగా ఉంటుంది, పెరిగితే పదిహేనడుగులు దాటొచ్చు. ఫ్లోరిడాలో అలా పెంచి విసిగిపోయినవాళ్లు వదిలేసినవీ, తప్పించుకున్నవీ ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి అడవుల్లో పిల్లలు పెట్టి, అక్కడి కుందేళ్లనీ రకూన్‌లనీ ఊడ్చేశాయి.

కొనేటప్పుడు రెండే అడగండి. ఇంట్లో పొదిగించిన పిల్లేనా, అడవిలో పట్టిందా? అడవిదైతే వదిలేసి వచ్చేయండి. ఒంట్లో పురుగులుంటాయి, బెదురుతో తిండి ముట్టదు. రెండోది, ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, కరిగించిన ఎలుకను తింటోందా? ‘తింటోందండీ’ అంటే సరిపోదు. మీ ఎదురుగా పెట్టి చూపించమనండి. కుదరదంటే ఏ రోజు ఏం తిన్నదో రాసిపెట్టిన కాగితం అడగండి. నాలుగైదు సార్లయినా వరసగా తిన్న పిల్లనే తీసుకోండి.

ఇప్పుడు అసలు గొడవ. ఎలుకలు. పాముకి అన్నం, కూర, గుడ్డు ముక్క ఏదీ పనికిరాదు. గడ్డకట్టించిన ఎలుకలు ప్యాకెట్లలో అమ్ముతారు. పిల్ల పాముకి వారానికొకటి, కళ్లు తెరవని గులాబీ రంగు ఎలుక కూన. పెద్దయ్యాక పది పద్నాలుగు రోజులకొక పెద్దెలుక. పాము ఒళ్లు ఎంత లావో ఎలుకా అంతే ఉండాలి. కవర్లో పెట్టి గోరువెచ్చని నీళ్లలో కరిగించాలి, మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. పట్టకారుతో అందించాలి. బతికున్న ఎలుకను వేస్తే అదే పామును కొరికేస్తుంది. తిన్న తరవాత రెండు రోజులు పామును ముట్టుకోవద్దు, కక్కేస్తుంది.

మీ అమ్మ ఆ ఫ్రిజ్‌లో కొబ్బరి కోరు, కరివేపాకు, ఇక్కణ్ణుంచి మోసుకెళ్లిన గోంగూర దాచుకుంటుంది. కోడిగుడ్డు కూడా వండని ఇల్లు. వాటి పక్కన ఎలుకలంటే మాటలా? వేరే చిన్న ఫ్రీజర్ కొనుక్కుని గరాజ్‌లో పెట్టుకోండి. డబ్బు నేనిస్తాను. కానీ అమ్మని ఒప్పించాల్సింది మీరే, నన్ను మధ్యలోకి లాగకండి.

నా కిరసనాయిలు డబ్బా సంగతి గుర్తుంచుకుని గూడు కట్టండి. ఒక చివర 85 ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటీ దాటకుండా, రెండో చివర 75 దగ్గర. రెండు చోట్లా దాక్కోవడానికి గుల్లలుండాలి, లేకపోతే పాము వేడికీ భయానికీ మధ్య నలిగిపోతుంది. హీటర్‌కి వేడి హద్దు దాటకుండా చూసే థర్మోస్టాట్ తప్పనిసరి. గూట్లోకి దేవదారు పొట్టు వాడొద్దు, ఆ ఘాటు దానికి పడదు. పిల్లప్పుడు చిన్న పెట్టె చాలు, పెరిగాక నాలుగడుగుల గూడు కావాలి. మూతకి క్లిప్పులు బిగించండి. కార్న్ స్నేక్ పిల్ల పెన్సిల్ దూరే సందు దొరికితే చాలు, వెళ్లిపోతుంది. ఒక గూట్లో రెండిటిని మాత్రం పెట్టకండి.

ఒకరోజు దాని కళ్లు పాలు కలిసిన నీలంగా మారతాయి. గుడ్డిదైపోయిందని కంగారుపడి అమ్ములు ఏడవకూడదు. కుబుసం విడవబోతోందని లెక్క. అప్పుడు కదపకండి. కొన్నాళ్లకి మేజోడు తిరగేసినట్టు ఒంటిమీంచి తీసేస్తుంది. ముక్కలు కాకుండా ఒకే పొరగా వచ్చిందా, కళ్ల మీది పొర కూడా ఊడిందా అన్నది చూసుకోండి.

మన బుజ్జిగాడికి మూడేళ్లే. పాము ఒంటి మీద సాల్మొనెల్లా అనే క్రిమి ఉండొచ్చు. అయిదేళ్లలోపు పిల్లలు పాముల్ని ముట్టుకోకూడదని మీ దేశపు డాక్టర్లే చెబుతారు. వాడికి అద్దంలోంచే చూపించండి. మీరిద్దరూ పట్టుకునే ముందూ, తరవాతా సబ్బుతో చేతులు కడుక్కోండి. ముందెందుకంటే, చేతికి ఎలుక వాసనుంటే అది మిమ్మల్నే కొరుకుతుంది.

కుక్కలా మిమ్మల్ని చూసి తోకూపదు. మీ చేతికి అలవాటు పడుతుంది, అంతే. చిన్నూ, నీకిప్పుడు పన్నెండు. ఈ పాము ఇరవై ఏళ్లు బతకొచ్చు. నువ్వు కాలేజీ హాస్టల్‌కి వెళ్లినప్పుడు దానికి ఎలుక ఎవరు పెడతారు? అమ్ములు పెడుతుందా? తనూ వెళ్లిపోతే?

ఈ ప్రశ్నకి జవాబు, ఫ్రీజర్ గురించి అమ్మ ఏమన్నదీ ఆదివారం చెప్పండి. పొద్దున్నే కాకుండా మీ శనివారం రాత్రి చేయండి, మాకు ఆదివారం పొద్దున అవుతుంది. అప్పుడైతే అమ్మమ్మ కూడా పక్కన కూర్చుంటుంది.

ఆశీస్సులతో,
తాతయ్య
తెనాలి