పైలట్ల విశ్రాంతి: 2008 మేలో పడిన ముడి

పైలట్ల విశ్రాంతిపై వచ్చిన కొత్త నిబంధనలకు సరిపడా సిబ్బంది లేక, 2025 డిసెంబరు 5న ఇండిగో ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దు చేసింది. విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ఆ రోజే రెండు నిర్ణయాలు తీసుకుంది. వారానికోసారి ఇవ్వాల్సిన విశ్రాంతికి బదులు పైలట్ పెట్టుకున్న సెలవునే లెక్కలో చూపకూడదన్న నిబంధనను అన్ని సంస్థలకూ ఎత్తేసింది. రాత్రి డ్యూటీల పరిమితుల నుంచి ఇండిగోకు 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చింది. శంషాబాద్ నుంచి ఢిల్లీ దాకా ప్రయాణికులు పడ్డ పాట్లు అందరూ చూశారు, వాటిని మళ్లీ చెప్పక్కర్లేదు. పైలట్ సంఘాలు అంతగా ఎందుకు మండిపడ్డాయో అర్థం కావాలంటే మాత్రం అక్కడి నుంచి 17 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

2007 జులై 27న డీజీసీఏ పైలట్ల పని గంటలు, విశ్రాంతిపై కొత్త నిబంధనలు తెచ్చింది. అప్పటిదాకా నడిచింది 1992 నాటి సర్క్యులర్. కొత్త నిబంధనలు అమలైతే ఉన్న విమానాలకే మరింత మంది పైలట్లు కావాలి. అవి సంస్థలన్నీ పోటీపడి విమానాలు కొంటున్న రోజులు. కెప్టెన్లు దొరక్క విదేశాల నుంచి తెచ్చుకుంటున్నారు. పైగా ఇంధనం ధర మండిపోతోంది. సంస్థలు వెళ్లి మొరపెట్టుకున్నాయి. 2008 మే 29న ఆ నిబంధనల్ని పక్కన పెట్టేశారు. మళ్లీ 1992 సర్క్యులరే దిక్కయింది.

నా దృష్టిలో ఈ కథ మొత్తానికి మలుపు ఆ రోజే. విమానాలు ఆగిపోతాయని గట్టిగా చెబితే విశ్రాంతి నిబంధన వెనక్కి వెళుతుందని సంస్థలకు ఆనాడే తెలిసిపోయింది. పైలట్లకూ తెలిసిపోయింది.

పైలట్ సంఘాలు బొంబాయి హైకోర్టుకు వెళ్లి ఓడాయి. సుప్రీంకోర్టుకు వెళ్లాయి. ఆ కేసు నలుగుతుండగానే 2010 మే 22 ఉదయం మంగళూరులో దుబాయ్ నుంచి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడింది. 166 మందిలో 158 మంది చనిపోయారు. కాక్‌పిట్ రికార్డర్‌లో కెప్టెన్ గురక వినిపించింది. గంటా నలభై నిమిషాల పాటు ఆయన నిద్రలోనే ఉన్నట్టు విచారణలో తేలింది. దిగే క్రమం గాడి తప్పిందని కోపైలట్ మూడుసార్లు గో అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేపడం) చెప్పినా కెప్టెన్ ఆపలేదు. విచారణ నివేదిక ప్రధాన కారణంగా చూపింది ఆ తప్పునే. నిద్రలేచిన వెంటనే ఉండే మత్తును, తెల్లవారుజామున శరీరం పట్టు సడలే వేళను దానికి తోడైన కారణాల్లో చేర్చింది. 2007 నిబంధనలు ఉండి ఉంటే ఆ ప్రమాదం తప్పేదని చెప్పలేం. అలసట అనేది పైలట్లు జీతం పెంచుకోవడానికి వాడే సాకు అన్న మాట మాత్రం ఆ నివేదిక తర్వాత ఎవరూ అనకుండా ఉండాల్సింది.

2011 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. చట్టం ఎవరికి అధికారమిచ్చిందో వాళ్లే నిర్ణయం తీసుకోవాలి, పైవాళ్లైనా అందులో వేలు పెట్టకూడదని కోర్టు స్పష్టంగానే చెప్పింది. అయినా పైలట్ల అప్పీళ్లను కొట్టేసింది. ఆ ఆగస్టులో, పైలట్ల పని గంటలపై వేసిన జైదీ కమిటీ సిఫార్సులతో వచ్చిన నిబంధనలు వారానికి 36 గంటల విశ్రాంతి దగ్గర ఆగాయి.

2023 ఆగస్టులో నాగ్‌పూర్ విమానాశ్రయంలో, పుణె విమానం ఎక్కాల్సిన ఇండిగో కెప్టెన్ ఒకరు బోర్డింగ్ గేటు దగ్గర కుప్పకూలి చనిపోయారు. వయసు 40. ఆయన మరణానికి డ్యూటీయే కారణమని ఎవరూ నిరూపించలేదు. అయితే పైలట్ల రోస్టర్ల (డ్యూటీల పట్టికల) గురించి మామూలు జనం మాట్లాడుకోవడం అప్పుడే మొదలైంది. 2024 జనవరి 8న డీజీసీఏ నిబంధనలు మార్చింది. వారపు విశ్రాంతి 48 గంటలైంది. రాత్రి అంటే 12 నుంచి 5 కాదు, 6 దాకా. రాత్రిపూట ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు దిగాయి. జూన్ 1 నుంచి అమలు చేయాలన్నారు. సంస్థలు అడిగాయి, మార్చికల్లా వాయిదా పడింది. చివరికి ఢిల్లీ హైకోర్టులో కేసు నడిచాకే కొన్ని 2025 జులై 1 నుంచి, మిగిలినవి నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంటే సంస్థలకు దాదాపు రెండేళ్ల సమయం దొరికింది.

సంస్థల మాట కూడా ఉంది. కోపైలట్‌ను రాత్రికి రాత్రి కెప్టెన్ చేయలేరు, కొత్త నిబంధనలకు సరిపడా సిబ్బంది తయారవడానికి సమయం పడుతుంది. నిజమే. ఆ సమయంలోనే ఇండిగో నియామకాలు నిలిపేసిందని, జీతాలు పెంచలేదని పైలట్ల సమాఖ్య ఆరోపించింది. డీజీసీఏ లెక్కలోనే 2025 నవంబరులో ఇండిగో రద్దు చేసిన 1,232 విమానాల్లో 755 సిబ్బంది, డ్యూటీ పరిమితుల కారణంగా ఆగినవి. డిసెంబరుకు ముందే గంట మోగిందన్నమాట.

పైలట్లను అన్నిటికన్నా ఎక్కువగా బాధించేది ఇంకొకటి. 2017 ఆగస్టులో, విజయనగరం అశోక్ గజపతిరాజు పౌర విమానయాన మంత్రిగా ఉండగా, కెప్టెన్ల నోటీస్ పీరియడ్‌ను ఆరు నెలల నుంచి ఏడాదికి పెంచారు. కోపైలట్లకు ఆరు నెలలు. మూకుమ్మడి రాజీనామాలతో విమానాలు ఆగుతున్నాయన్నది అప్పుడు చెప్పిన కారణం. ఇంకే ఉద్యోగంలోనైనా ఏడాది నోటీసంటే నవ్వుతారు. రోస్టర్ భరించలేక వెళ్లిపోదామనుకున్న కెప్టెన్ ఇంకో పన్నెండు నెలలు అదే రోస్టర్ మీద ఎగరాలి. 2023లో 43 మంది నోటీస్ పూర్తి చేయకుండా వెళ్లారని ఆకాశ ఎయిర్ కోర్టుకెక్కింది. 2024లో విస్తారా పైలట్లు వరసగా డ్యూటీకి రాలేమన్నది, ఖాయంగా డబ్బిచ్చే గంటల్ని 70 నుంచి 40కి తగ్గించే కొత్త ఒప్పందం మీద.

బయటివాళ్లకు కనిపించేది లక్షల్లో జీతం. ఆ లైసెన్సు కోసం ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు, టైప్ రేటింగ్‌కు (ఒక్కో రకం విమానం నడపడానికి వేరుగా తీసుకునే శిక్షణకు) మళ్లీ కట్టిన లక్షలు, రేపు ఏ వేళకు లేవాలో ముందురోజు దాకా తెలియని స్టాండ్‌బైలు కనిపించవు. పైలట్ల కుటుంబాల్లో వినిపించే ఫిర్యాదు జీతం గురించి తక్కువ, నిద్ర గురించి ఎక్కువ.

ఇప్పుడు మంత్రి శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు. ప్రయాణికుల కోసం టికెట్ ధరలకు పరిమితి పెట్టారు, ఇండిగో సర్వీసుల్లో 10 శాతం కోత వేశారు. రెండూ చేయాల్సినవే. పైలట్ సంఘాలు అడిగింది వేరు: కోర్టు ముందు ఒప్పుకున్న నిబంధనను ఒక సంస్థ కోసం ఒక్క రోజులో ఎలా సడలిస్తారు? ఇండిగో మినహాయింపుకైనా ఫిబ్రవరి 10 అని గడువు పెట్టారు. సెలవును విశ్రాంతిలో కలపకూడదన్న నిబంధనను మాత్రం ఏ గడువూ చెప్పకుండానే ఎత్తేశారు.