మోటు పిల్లలకు ఉత్తరం: బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు

చిరంజీవులైన మోటు, కలిమెల పిల్లలకు మీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీరు మా వసారాలో కూర్చుని, 2016లో ఒడిశాలోని మన మల్కనగిరి జిల్లాలో చనిపోయిన పిల్లలకు వచ్చింది దోమ తెచ్చిన మెదడువాపా, అడవిగింజ తెచ్చిన విషమా అని అడిగినప్పుడు, ఉత్తరం రాస్తానని చెప్పి పంపాను. ఆసుపత్రి ల్యాబులో ఏళ్ళ తరబడి వెన్నునీటి సీసాలు, అంటే మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీటిని తీసిన సీసాలు పట్టుకున్నవాణ్ణి గనుక ఒక్క మాటలో జవాబు చెప్పబుద్ధి కాలేదు. అటువంటి ప్రశ్ననే జీవితమంతా వేరువేరు రూపాలలో అడుగుతూ వచ్చిన ఒక అమెరికా వైద్యుడి సంగతి ముందు చెప్పాలి. ఆయన పేరు రిచర్డ్ జాన్సన్. 1931లో పుట్టి 2015లో పోయిన నరాల వైద్యుడు. ఇటు రోగులనూ చూశాడు, అటు ప్రయోగశాలలో ఎలుకల మెదళ్ళనూ చూశాడు.

మెదడులో వైరస్ ఉందో లేదో తెలుసుకోవడానికి ఆ రోజుల్లో మెదడు ముక్కను నూరి, మరో ఎలుకకు ఎక్కించి, అది జబ్బుపడుతుందేమో చూసేవారు. నూరిన పచ్చడిలో మిరపకాయ ఉందని నాలుకకు తెలుస్తుంది గాని, అది ఏ చెట్టుదో తెలియదు కదా! జాన్సన్ ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఉండగా, వైరస్‌కు అతుక్కుని ప్రత్యేకమైన కాంతిలో మెరిసే రంగు కలిపిన యాంటీబాడీలతో (శత్రువును గుర్తుపట్టి పట్టుకోవడానికి ఒళ్ళు తయారుచేసుకునే పదార్థాలతో) ఎలుక పిల్లల మెదడు పొరలను పరీక్షించి, హెర్పిస్ వైరస్ ముక్కులోంచి, నరాల వెంబడి, రక్తంలోంచి ఏయే దారుల్లో మెదడుకు చేరుతుందో కణం కణంగా చూపించాడు. ఆ పని 1964లో అచ్చయింది.

తరువాత గవదబిళ్ళల వైరస్ మీద చేసిన పని నాకు మరీ ఇష్టం. ఎలుకలాంటి హామ్‌స్టర్ అనే జంతువు కూనలకు ఆ వైరస్ ఎక్కిస్తే, మెదడు లోపలి నీటిగదుల గోడలకు పట్టి, కొద్ది రోజుల్లో మాయమయ్యేది. కూన బాగానే ఉన్నట్టు కనిపించేది. కొన్ని వారాలకు ఆ గదుల నడుమ ఉన్న సన్నని కాలువ పూడుకుపోయి, నీరు నిలిచి తల ఉబ్బేది. అప్పుడు వెతికితే వైరస్ జాడ ఉండేది కాదు. దొంగ ఊరు దాటాక గోడ కూలినట్టన్నమాట. పుట్టుకతో వచ్చిన లోపమని అందరూ అనుకునే జబ్బుకు వెనక ఎప్పుడో వచ్చిపోయిన వైరస్ కారణం కావచ్చునని 1967లో ఆయన బృందం చూపింది.

1969లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో చేరాక ఆయన దృష్టి మరో వైపు మళ్ళింది. తట్టు తగ్గిన కొద్ది రోజులకు కొందరికి మెదడు వాస్తుంది. పెరూ దేశపు లిమా నగరంలో అటువంటి రోగులను పరీక్షించిన ఆయన బృందానికి, వైరస్ మెదడులో చొరబడిందనడానికి ఆధారం దొరకలేదు. వారిలో పలువురి రక్తకణాలు మాత్రం నరాలను తొడుగులా చుట్టి ఉండే మైలిన్ అనే పొరలోని మాంసకృత్తి మీదనే తిరగబడుతున్నాయి. ఆ సంగతి 1984లో ప్రకటించారు.

ఇక్కడ నా సొంత కథ కలుస్తుంది. తొమ్మిదేళ్ళప్పుడు నన్ను కుక్క కరిచింది. మా నాన్న నన్ను శబరి దాటించి తీసుకువెళ్ళి ఒక ఆసుపత్రిలో పద్నాలుగు రోజులు వరుసగా బొడ్డు చుట్టూ సూదులు వేయించాడు. కాంపౌండరు పొట్టచర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి లేపి పొడిచేవాడు. నిన్నటి గడ్డ తగ్గకముందే దాని పక్కన కొత్త గడ్డ లేచేది. నాతోపాటే వరుసలో నిలబడిన మా వీధి మేకలకాపరికి ఆ సూదులు ముగిసేనాటికి కాళ్ళు చచ్చుబడ్డాయి. కుక్క విషం కాళ్ళకు దిగిందని ఊరంతా అన్నారు, ఆసుపత్రివాళ్ళు కూడా అదే అన్నారు. ఆయన మళ్ళీ మేకల వెంట నడవలేదు.

అది కుక్క విషం కాకపోవచ్చునని నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. డేవిడ్ సెంపుల్ అనే ఆయన 1911లో హిమాలయాల్లోని కసౌలీలో రూపొందించిన ఆ టీకాను, రేబిస్ (పిచ్చికుక్క జబ్బు) వైరస్ ఎక్కించిన గొర్రె మెదడును నూరి, ఫినాల్‌తో వైరస్‌ను చంపి తయారుచేసేవారు. వైరస్‌తో పాటు గొర్రె మైలిన్ కూడా మన ఒంట్లోకి వెళ్ళేది. 1987లో థాయ్ వైద్యుడు హేమచుధ, జాన్సన్ సహచరురాలు డయాన్ గ్రిఫిన్, జాన్సన్ తదితరులు, ఆ టీకా వికటించిన థాయ్ రోగుల రక్తంలోనూ వెన్నునీటిలోనూ మైలిన్ మాంసకృత్తిపై దండెత్తే యాంటీబాడీలు పెద్దమొత్తంలో ఉన్నట్టు చూపారు. గొర్రె మైలిన్‌ను శత్రువనుకున్న శరీరం తన మైలిన్‌నే కొరికింది. మన దేశంలో ఆ టీకా తయారీ 2004 చివరకు ఆగింది. ఇప్పటి టీకాలో మెదడు ముక్క ఉండదు, దాన్ని చేతికే వేస్తారు. కుక్క కరిస్తే సబ్బుతో కడిగి ఆ రోజే వెళ్ళండి, నా కథ విని జంకవద్దు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. జపనీస్ మెదడువాపు వైరస్ పందుల్లో, కొంగల్లో పెరుగుతుంది. వరిమళ్ళలో పుట్టే క్యూలెక్స్ దోమ దాన్ని మనిషికి తెస్తుంది. ఆ జబ్బుతో చనిపోయిన థాయ్ రోగుల మెదళ్ళను జాన్సన్ బృందం పరీక్షించినప్పుడు వైరస్ నేరుగా నరకణాల్లోనే కనిపించింది. అంటే ఇక్కడ దొంగ ఇంట్లోనే ఉన్నాడు. అటువంటి రోగి వెన్నునీటిలో సాధారణంగా తెల్లకణాలు పెరుగుతాయి, ఆ వైరస్‌కు ఎదురు పుట్టిన యాంటీబాడీ దొరుకుతుంది. మీరడిగిన అడవిగింజ కసింద అనే మొక్కది. ఆ గింజ విషమైతే వెన్నునీరు తేటగా ఉండి, కాలేయం, కండరాలు దెబ్బతిన్న గుర్తులు రక్తంలో కనిపిస్తాయి. 2016లో కొందరు పిల్లల్లో ఆ వైరస్ ఆనవాలు దొరికింది. చాలామంది మరణాలకు ఒడియాలో బాణ చకుండ అనే ఆ కసింద గింజలే కారణమని వైద్యుడు జాకబ్ జాన్ బృందం తేల్చింది. కాబట్టి దోమా, గింజా రెండూ ఉన్నాయి. ఏ బిడ్డకు ఏదన్నది ఆ బిడ్డ సీసా చూస్తేనే తెలుస్తుంది.

మీరు బడి వెనక దిబ్బ మీదినుంచి కూరకు వాడే తగిరిస అనుకుని కోసుకొచ్చిన కొమ్మను మళ్ళీ చూశాను. తగిరిసకు మూడు జతల ఆకులు, కొసలు గుండ్రంగా ఉంటాయి. మీరు తెచ్చినదానికి ఐదు జతలున్నాయి, కొసలు మొనదేలి ఉన్నాయి, నలిపితే కంపు కొట్టింది. అది కసిందే. కాయలను పొయ్యిలో వేశాను. జేబుల్లో మిగిలినవి ఉంటే మీరూ వేసేయండి.

మీ తాతయ్య